8 స్పీడ్ క్యాసెట్‌కి 9 స్పీడ్ షిఫ్టర్ వేస్తే గేర్లు ఎందుకు కుదరవు, పళ్లు ఎందుకు అరుగుతాయి

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను. మీది 8 స్పీడ్ సైకిల్, అంటే వెనక ఎనిమిది గేర్లున్నది. అన్నీ షిమానో కంపెనీ పార్టులే. కుడి చేతి షిఫ్టర్ (గేరు మార్చే మీట) విరిగిపోతే 9 స్పీడ్‌ది దొరికిందని అది బిగించారు. వెనక డెరైలర్ (చైనును పక్కకి జరిపేది), క్యాసెట్ (వెనకున్న పళ్ల చక్రాల గుత్తి) పాతవే. రెండు చివర్లలో గేర్లు బాగానే పడుతున్నాయి. మధ్యలో రెండు మూడు గేర్లలో మాత్రం చైను గరగరలాడుతూ పక్క చక్రం మీదికి ఎక్కబోతోంది. షిఫ్టర్ 9 కదా అని ఈమధ్య చైను కూడా 9 స్పీడ్‌ది వేశారు. అప్పటినుంచి గట్టిగా తొక్కితే చిన్న చక్రాల మీద చైను జారుతోంది. చూస్తే పళ్లు కొక్కేల్లా కనిపిస్తున్నాయి. పాత చైను రెండేళ్లకు పైగా నడిచింది. "వేరే వేరే పార్టులు కలపడం వల్లే అరిగిపోయాయా? అసలు ఏవి కలపొచ్చు, ఏవి కలపకూడదు?" అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, మీ దగ్గర ఉన్నవి రెండు వేర్వేరు సమస్యలు. మధ్య గేర్లలో గరగర, ఎగరడం షిఫ్టర్ కుదరనందువల్ల వచ్చినవి. అది ఏ స్క్రూ తిప్పినా పోదు. చిన్న చక్రాల మీద జారడం మాత్రం అరుగుదల వల్ల. ఆ అరుగుదలలో ఎక్కువ భాగం పాత చైనుదే. షిఫ్టర్ మార్చడం దాన్ని కాస్త వేగం చేసి ఉంటుంది, అంతే. రెండూ ఒకేసారి బయటపడ్డాయి కాబట్టి ఒకటే అనిపిస్తోంది.

పార్టులు కలపడం తప్పేమీ కాదు. నేను ఇరవై ఏళ్లకు పైగా సైకిళ్లు విప్పి బిగిస్తున్నాను. అన్నీ ఒకే సెట్‌గా ఉన్న పాత సైకిల్ నా చేతికి వచ్చింది చాలా తక్కువ. ఏదో ఒకటి మార్చి ఉంటారు, అయినా హాయిగా నడుస్తుంటుంది. అయితే ఏది దేనితో కుదరాలో తెలిసి కలపాలి. పెట్టె మీద ఉండే "8 స్పీడ్", "9 స్పీడ్" అంకె ఆ సంగతి పూర్తిగా చెప్పదు.

కుదరాల్సినవి మూడు కొలతలు. షిఫ్టర్ ఒక్క క్లిక్‌కి గేర్ వైరును ఎంత లాగుతుంది. ఆ వైరు ఒక మిల్లీమీటరు కదిలితే డెరైలర్ పక్కకి ఎంత కదులుతుంది. క్యాసెట్‌లో ఒక చక్రం నుంచి పక్క చక్రానికి ఎంత దూరం ఉంది. మొదటి రెండూ గుణిస్తే మూడోది రావాలి. రాకపోతే గేర్లు కుదరవు.

షిమానో 8 స్పీడ్ షిఫ్టర్ క్లిక్‌కి సుమారు 2.8 మి.మీ. వైరు లాగుతుంది. పాత తరహా డెరైలర్ దాన్ని సుమారు 1.7 రెట్లు చేస్తుంది. అంటే 4.76. 8 స్పీడ్ క్యాసెట్‌లో చక్రాల మధ్య దూరం 4.8. సరిపోయింది. 9 స్పీడ్ షిఫ్టర్ లాగేది 2.5. దాన్ని 1.7తో గుణిస్తే 4.25. 9 స్పీడ్ క్యాసెట్ దూరం సుమారు 4.35, అదీ సరిపోయింది. ఇవన్నీ ఉజ్జాయింపు కొలతలు, మిల్లీమీటరులో ఒక పదో వంతు అటూ ఇటూ ఉంటాయి. ఆ మాత్రం తేడాను డెరైలర్‌లో పైన ఉండే చిన్న జాకీ చక్రం సర్దుకుంటుంది. అందుకే దాన్ని పక్కలకు కాస్త ఆడేలా తయారుచేస్తారు.

ఇప్పుడు మీ సైకిల్ సంగతి. ఒక్కో క్లిక్‌కి చైను 9 స్పీడ్ దూరమంత, అంటే సుమారు 4.35 కదులుతోంది, చక్రాలేమో 4.8 దూరంలో ఉన్నాయి. అన్నిటికంటే చిన్న చక్రం దగ్గర సరిగ్గా పెట్టారనుకుందాం. మొదటి క్లిక్‌లో 0.45 తక్కువ పడుతుంది. రెండో క్లిక్‌లో 0.9. మూడో దాంట్లో 1.35. ఐదో క్లిక్‌కి వచ్చేసరికి 2.25 తక్కువ. రెండు చక్రాల మధ్య ఉన్నదే 4.8 కాబట్టి చైను దాదాపు నట్టనడుమ నిలబడింది, ఏ చక్రానిదీ కాదు. ఆరో క్లిక్‌లోనూ అంతే. ఏడో క్లిక్ నుంచి మళ్లీ ఒక చక్రానికి దగ్గరవుతుంది. చివరి క్లిక్‌లో పెద్ద చక్రం మీదికి చేరుతుంది, అంతకు మించి పోకుండా డెరైలర్ మీదుండే లిమిట్ స్క్రూ ఆపుతుంది. చివర్లు బాగుండి మధ్యలో పాడవడం వెనక ఉన్న లెక్క ఇదే. బారెల్ స్క్రూ (గేర్ వైరు బిగువు మార్చేది) తిప్పి మధ్య గేర్లు సర్దితే చివర్లు పాడవుతాయి, చివర్లు సర్దితే మధ్యది పాడవుతుంది. దానితో గంటలకొద్దీ కుస్తీ పట్టకండి. ఆ స్క్రూ మొత్తాన్ని ఒక పక్కకి జరపగలదు కానీ ఒక్కో క్లిక్‌కి పడే అడుగు పొడవు మార్చలేదు.

9 స్పీడ్ చైను వేశాక గరగర కాస్త తగ్గిందని కూడా రాశారు. దానికీ కారణం ఉంది. 8 స్పీడ్ చైను బయటి వెడల్పు సుమారు 7.1 మి.మీ., 9 స్పీడ్‌ది సుమారు 6.6. 8 స్పీడ్ క్యాసెట్‌లో ఒక చక్రం మీద చైను సరిగ్గా కూర్చున్నప్పుడు కూడా పక్క చక్రానికి, చైను పలకకి మధ్య మిగిలే సందు అర మిల్లీమీటరు కూడా ఉండదు. సన్న చైను వేస్తే ఒక్కో పక్క పావు మిల్లీమీటరు చోటు పెరిగింది, అందుకే చప్పుడు తగ్గింది. అసలు తప్పు మాత్రం అలాగే ఉంది.

ఇక అరుగుదల. చాలామంది "చైను సాగింది" అంటారు. నిజానికి ఇనుము సాగదు. ప్రతి కీలులో పిన్ను, దాని చుట్టూ ఉన్న లోపలి పలక అంచు ఒరుసుకుని అరుగుతాయి. ఒక్కో కీలులో వెంట్రుకవాసి వదులు చేరి మొత్తం చైను పొడవు పెరుగుతుంది. కొత్త చైనులో పిన్నుకీ పిన్నుకీ 12.7 మి.మీ. ఆ దూరం పెరిగాక చైను రోలర్లు పళ్ల అడుగున కూర్చోకుండా పైకి పాకుతాయి. బరువంతా ఒకటి రెండు పళ్ల మీద పడి ఆ పంటి ముఖాన్ని తొలిచేస్తుంది. పళ్లు చైను కొత్త కొలతకి తగ్గట్టు గుంటలు పడి, కొక్కెం ఆకారానికి వస్తాయి. పాత చైనూ పాత పళ్లూ ఇలా జతగా అరుగుతాయి కాబట్టి జారకుండా నడుస్తూనే ఉంటాయి. ఇంతకాలం మీకు ఏమీ తెలియకపోవడానికి కారణం అదే. కొత్త చైను సరైన కొలతతో వచ్చేసరికి దాని రోలర్లు ఆ కొక్కేల కింద కూర్చోలేక ఎక్కి జారుతున్నాయి. చిన్న చక్రాల మీదే ముందు జారడానికి కారణం, వాటికి పళ్లు తక్కువ, అంత బరువూ ఆ కొద్ది పళ్లే మోయాలి.

కాబట్టి కొత్త చైనులో లోపం వెతక్కండి. పాత చైను పారేయకపోతే ఇప్పుడే కొలవండి. మామూలు స్టీలు స్కేలు చాలు. ఒక పిన్ను మధ్యలో సున్నా పెట్టి 25వ పిన్ను మధ్య వరకు చూడండి. కొత్తదైతే 304.8 మి.మీ., అంటే సరిగ్గా 12 అంగుళాలు. 306.4 దగ్గరికి వచ్చిందంటే అర శాతం దాటింది, మార్చే వేళ అయింది. 308కి వచ్చిందంటే ఒక శాతం, క్యాసెట్ కూడా పోయిందనే అనుకోండి. రెండేళ్లు రోజూ తొక్కిన చైను కాబట్టి మీది ఈ రెండోదానికే దగ్గరగా ఉంటుందని నా అంచనా.

మరి షిఫ్టర్ కుదరకపోవడం వల్ల అరుగుదల ఉండదా అంటే, ఉంటుంది, కానీ దాని గుర్తులు వేరు. సగం సగం నిలబడిన చైను పలకలు పక్క చక్రం పళ్లను పక్కనుంచి గీకుతాయి. అక్కడ లోహం మెరుస్తూ, అంచు పలచబడి కనిపిస్తుంది. చైను వైపు చూస్తే బయటి పలకల మీద గీతలు పడి ఉంటాయి. అంతకంటే నేను భయపడేది ఇంకొకటి. క్యాసెట్ చక్రాల మీద చైను ఎక్కి దిగడానికి కావాలనే చెక్కిన గాడులు, పొట్టి పళ్లు ఉంటాయి. చైను నడిమధ్యలో ఉంటే మీరు గేరు మార్చకపోయినా ప్రతి చుట్టులో ఆ గాడి దగ్గరికి రాగానే పైకి ఎక్కబోతుంది. ఎత్తు ఎక్కుతూ గట్టిగా తొక్కుతున్న క్షణంలో అది ఎక్కితే బరువంతా ఒక్క పంటి కొన మీద, ఒక్క పిన్ను మీద పడుతుంది. పిన్ను పలక నుంచి కొంచెం బయటికి జరిగి, కొన్నాళ్లకు చైను అక్కడే తెగిన సైకిళ్లు నా దగ్గరికి వచ్చాయి. ఒకాయన పెడల్ మీద నిలబడి తొక్కుతుండగా తెగి, మోకాలు హ్యాండిల్‌కి కొట్టుకుని నెల రోజులు నడవలేకపోయాడు. చప్పుడే కదా అని వదిలేయొద్దని అందుకే ఇంతగా చెప్తున్నాను.

మీకున్న రెండు సమస్యల్లో ఏది ఎంతో తేల్చుకోవడానికి నేను చేసే పరీక్ష ఒకటి ఉంది. గేర్ వైరును డెరైలర్ దగ్గర పూర్తిగా వదులు చేయండి. డెరైలర్ చిన్న చక్రం కిందికి వెళ్తుంది. ఇప్పుడు హై లిమిట్ స్క్రూను (చిన్న చక్రం వైపు హద్దు పెట్టేది) లోపలికి బిగిస్తూ పోతే డెరైలర్ నెమ్మదిగా రెండో చక్రం కిందికి, చాలా వాటిలో మూడో చక్రం కిందికి కూడా వస్తుంది. జాకీ చక్రం ఆ చక్రానికి నిలువుగా సరిగ్గా కిందికి వచ్చేలా నిలపండి. ఇప్పుడు షిఫ్టర్‌కీ దీనికీ సంబంధమే లేదు. బండ్లు తిరగని చోట, సీటు మీద కూర్చునే, బరువు కొద్దికొద్దిగా పెంచుతూ తొక్కండి. అప్పటికీ జారితే పళ్లు అరిగాయి. జారకపోతే తప్పు షిఫ్టర్‌దే. నిలబడి మాత్రం తొక్కకండి, జారితే కాలు పెడల్ నుంచి తప్పుతుంది.

పళ్లు పోయాయనే తేలితే, మీ విషయంలో పరిష్కారం మీరు అనుకున్నదానికంటే తేలిక. 9 స్పీడ్ క్యాసెట్ వేయండి. షిఫ్టర్ ఇప్పటికే 9, చైను ఇప్పటికే 9, మీ పాత డెరైలర్‌కి 8 అయినా 9 అయినా ఒకటే లెక్క. ఆ డెరైలర్ మీద 8 అని రాసి ఉన్నా పట్టించుకోకండి, అది వైరుకు స్పందిస్తుందే తప్ప గేర్లను లెక్కపెట్టదు. 8, 9, 10 స్పీడ్ షిమానో క్యాసెట్లు ఒకే ఫ్రీహబ్ (క్యాసెట్ ఎక్కించే హబ్ భాగం) మీద కూర్చుంటాయి కాబట్టి వెనక వీల్ మార్చే పని లేదు. ముందు, పెడళ్ల దగ్గరున్న చైన్‌రింగుల మీద 9 స్పీడ్ చైను మామూలుగా బాగానే నడుస్తుంది.

కొనేముందు రెండు సంగతులు చూడండి. ఒకటి, వెనక చక్రానికి ఉన్నది నిజంగా క్యాసెట్టేనా, లేక మరతో తిప్పి బిగించే ఫ్రీవీలా? తక్కువ ధర సైకిళ్లలో 8 స్పీడ్ ఫ్రీవీల్ కూడా ఉంటుంది. అలాంటిదైతే ఈ దారి వదిలేసి 8 స్పీడ్ షిఫ్టర్, 8 స్పీడ్ ఫ్రీవీల్ వేసుకోవడమే మేలు. రెండోది, కొత్త క్యాసెట్‌లో పెద్ద చక్రం పళ్లు పాతదానికంటే ఎక్కువ కాకుండా చూడండి. ప్రతి డెరైలర్‌కి ఇంత పెద్ద చక్రం వరకే అన్న హద్దు ఉంటుంది. చైను వదులును ఎంతవరకు లాగిపెట్టుకోగలదన్నదానికీ హద్దు ఉంటుంది. ముందు పెద్ద రింగు పళ్లలోంచి చిన్న రింగు పళ్లు తీసేయండి, వెనక కూడా అలాగే చేయండి, రెండూ కలపండి. ముందు 50-34, వెనక 11-32 అయితే 16, 21 కలిపి 37. డెరైలర్ కెపాసిటీ అంతకు తగ్గకూడదు.

పరీక్షలో పళ్లు బాగానే ఉన్నాయని తేలితే మాత్రం 8 స్పీడ్ షిఫ్టర్ ఒక్కటి కొనుక్కోండి. 9 స్పీడ్ చైను 8 స్పీడ్ క్యాసెట్ మీద నడుస్తుంది, దాన్ని తీయక్కర్లేదు. దీనికి తిరగేసింది మాత్రం ఎప్పుడూ చేయకండి. వెడల్పు చైనును ఇరుకు క్యాసెట్ మీద వేయకూడదు. 7.1 మి.మీ. చైనుకి 4.35 దూరంలో ఉన్న చక్రాల మధ్య చోటు చాలదు, పక్కదాన్ని రుద్దుతూనే ఉంటుంది.

ఇక మీ పెద్ద ప్రశ్న, ఏవి కలపొచ్చు అన్నది.

షిమానోలో 7, 8, 9 స్పీడ్ వెనక డెరైలర్లు రోడ్డు సైకిళ్లవైనా మౌంటెన్ బైక్‌వైనా ఇంచుమించు అదే 1.7 లెక్క మీద పనిచేస్తాయి. 10 స్పీడ్ రోడ్డు డెరైలర్లలోనూ చాలావరకు అంతే. నా సొంత సైకిల్‌కి 10 స్పీడ్ రోడ్డు షిఫ్టర్లు, 9 స్పీడ్ మౌంటెన్ డెరైలర్, 10 స్పీడ్ క్యాసెట్ ఉన్నాయి. 2.3ని 1.7తో గుణిస్తే 3.91, క్యాసెట్ దూరం 3.95. సామాన్లు కట్టుకుని కొండలెక్కడానికి పెద్ద చక్రం కావాలని ఇలా కలిపాను. ఏడేళ్లుగా మూడు చైన్లు మార్చాను తప్ప గేర్లతో ఇబ్బంది పడలేదు. ఈ పాత తరహాలో ఒక్క మినహాయింపు గుర్తుంచుకోండి. షిమానో పాత రేసింగ్ మోడల్ అయిన 7400 సిరీస్ డ్యూరా-ఏస్ పార్టుల వైరు లెక్కే వేరు, 8 స్పీడ్ అని రాసి ఉన్నా మిగతా 8 స్పీడ్‌తో కలవవు.

గొడవంతా 10 స్పీడ్ మౌంటెన్ డెరైలర్లతో మొదలైంది. షిమానో వాటి లెక్కను సుమారు 1.2కి తగ్గించి, షిఫ్టర్ 3.4 లాగేలా మార్చింది. వైరు ఎక్కువ కదిలితే బురద, తుప్పు వల్ల వచ్చే చిన్న తేడాలు గేరు మీద తక్కువగా పడతాయి కాబట్టి ఆలోచన మంచిదే. కానీ రెండిటి మీదా "10 స్పీడ్" అనే ఉంటుంది! ఒక కుర్రాడు 10 స్పీడ్ రోడ్డు షిఫ్టర్లకి 10 స్పీడ్ మౌంటెన్ డెరైలర్ తగిలించుకుని వచ్చాడు. అమ్మిన షాపులో "అంకె కలిసింది కదా" అన్నారట. 2.3ని 1.2తో గుణించండి, 2.76. కావాల్సింది 3.95. తొమ్మిది క్లిక్‌లూ నొక్కినా పెద్ద చక్రాలు అందవు. మూడు రోజులు స్క్రూలు తిప్పి, చివరికి లిమిట్ స్క్రూలు పూర్తిగా విప్పేశాడు. అలా విప్పేస్తే డెరైలర్ స్పోకుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. డెరైలర్ ఒక్కటి 9 స్పీడ్‌ది మార్చాం, పది నిమిషాల్లో గేర్లన్నీ కుదిరాయి.

11 స్పీడ్ రోడ్డువి మళ్లీ వేరు, సుమారు 2.7 లాగుడు, 1.4 లెక్క. 11 స్పీడ్ మౌంటెన్‌వి ఇంకా వేరు. 11 స్పీడ్ రోడ్డు క్యాసెట్‌కి 1.85 మి.మీ. పొడవైన ఫ్రీహబ్ కూడా కావాలి. ఆ ఫ్రీహబ్ మీద 8, 9 స్పీడ్ క్యాసెట్ వేస్తే వెనకాల అదే మందం రింగు వేయాలి, లేకపోతే క్యాసెట్ వదులుగా ఆడుతుంది.

స్రామ్ అనే ఇంకో కంపెనీ క్యాసెట్లు 8, 9, 10 స్పీడ్‌లలో షిమానో దూరాలతోనే ఉంటాయి, కలపొచ్చు. కానీ స్రామ్ షిఫ్టర్‌కి స్రామ్ డెరైలరే కావాలి, వాళ్ల వైరు లెక్క వేరు. వాళ్లు చేసిన తిప్పే షిఫ్టర్లలో కొన్ని మాత్రం షిమానో లెక్కకే ఉంటాయి, పెట్టె మీద రాసి ఉంటుంది. చైన్ల కంపెనీ గురించి బెంగ వద్దు, 11 స్పీడ్ వరకు వెడల్పు సరిపోతే చాలు. ముందు డెరైలర్ల విషయంలో రోడ్డువి, మౌంటెన్‌వి కలపకండి, వైరు లాగుడు వేరు.

క్లిక్ లేని పాత తరహా ఫ్రిక్షన్ షిఫ్టర్ అయితే ఈ లెక్కలేవీ అక్కర్లేదు. ఎంత లాగాలో మీ చెయ్యే చూసుకుంటుంది. రోజూ తొక్కే సైకిల్‌కి అదొక మంచి దారి, పది రోజుల్లో అలవాటవుతుంది.

ఒక్క మాట మర్చిపోయాను. పార్టులన్నీ కుదిరినా మధ్య గేర్లు సతాయిస్తే అనుమానం హ్యాంగర్ మీద పెట్టండి, డెరైలర్‌ని పట్టుకుని ఉండే ఆ చిన్న ముక్క మీద. సైకిల్ ఒక్కసారి కుడివైపు పడితే చాలు వంగుతుంది, కంటికి కనిపించదు. తర్వాత గేర్ వైరు ఔటర్ (పై తొడుగు) చూడండి. గేర్లకు వాడే ఔటర్‌లో తీగలు పొడవునా ఉంటాయి, బ్రేకులదాంట్లో చుట్టలుగా ఉంటాయి. బ్రేక్ ఔటర్‌ని గేర్లకు వేస్తే లాగినప్పుడు నొక్కుకుపోయి క్లిక్ కొలత తప్పుతుంది. గేర్ ఔటర్‌ని బ్రేకులకు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వేయకండి, గట్టిగా బ్రేక్ పట్టినప్పుడు పగిలిపోతుంది.

క్యాసెట్ కొనేముందు డెరైలర్ లోపలి వైపు అచ్చు వేసిన నంబర్ చూడండి, ఆర్‌డీ అన్న అక్షరాలతో మొదలవుతుంది. ఆ నంబరూ, పాత చైను 25వ పిన్ను దగ్గర వచ్చిన కొలతా ఇక్కడ రాస్తే ఎన్ని పళ్ల క్యాసెట్ తీసుకోవాలో చెప్తాను.